సరిహద్దు పల్లెలో అమ్మవారి సంబరం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పల్లెల్లో గ్రామదేవత సంబరం వచ్చిందంటే బంధువులతో పాటు వారి స్నేహితులు, ఊరు విడిచి రెండు తరాలైన కుటుంబాల పిల్లలు కూడా వస్తుంటారు. బయలుదేరే ముందు అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఈ ప్రాంతంలో పుట్టి, ఈ అమ్మవారి గుడి ముందే పెరిగినవాడిగా వాటికి నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను. ఆచారం ఊరూరికీ కొంత మారుతుంది. ఇక్కడ రాసినదానికీ మీరు వెళ్లే ఊరి పెద్దలు చెప్పేదానికీ తేడా వస్తే, పెద్దల మాటే పాటించండి.

ఒడిశాలో తెలుగు పల్లెలు ఎలా వచ్చాయి? వీళ్లంతా వలస వెళ్లినవారా?

చాలామంది ఎక్కడికీ వెళ్లలేదు. పొలిమేర గీతే మారింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలో ఎక్కువ భాగం, కోరాపుట్ ప్రాంతం అందులో కలిశాయి. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. పర్లాకిమిడి పట్టణం ఒడిశాకు వెళ్లింది, ఆనుకునే ఉన్న పాతపట్నం ఆంధ్ర వైపు మిగిలింది. తర్వాత 1992 అక్టోబరు 2న గంజాం నుంచి గజపతి, కోరాపుట్ నుంచి రాయగడ వేరు జిల్లాలయ్యాయి. కాగితాల మీద ఇన్ని మార్పులు జరిగినా వియ్యాలు, కౌళ్లు, సంబరాలు పాత దారుల్లోనే నడుస్తున్నాయి. పాతపట్నం నీలమణి దుర్గమ్మకు మొక్కుకునే ఒడియా కుటుంబాలెన్నో ఉన్నాయి.

వలస వచ్చినవారూ లేకపోలేదు. బరంపురంలోని నేత కుటుంబాలు మహురి రాజుల కాలంలో తెలుగు నేల నుంచి వచ్చి స్థిరపడ్డాయి. గోపాల్‌పూర్ తీరంలో వేటకు వెళ్లే వాడబలిజలు కూడా తెలుగువాళ్లే. ఒడియా వారు వాళ్లను నోలియాలు అంటారు.

ఊళ్లో ఏయే గుళ్లు ఉంటాయి?

నడివీధిలో రామకోవెల, చెరువు గట్టున శివాలయం, ఊరి పొలిమేరలో అమ్మవారి గుడి. ఒడియా కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో వీటితో పాటు భాగవత టుంగి ఉంటుంది. సాయంత్రం అక్కడ ఒడియా భాగవతం చదువుతారు. శనివారం రాత్రి రామకోవెలలో భజన, పక్క వీధి టుంగిలో పారాయణం ఒకేసారి వినిపించే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అయితే ఊరికి అసలు దిక్కు పొలిమేరలోని అమ్మవారే. నీలమ్మ, పోలమ్మ, మరిడమ్మ, బంగారమ్మ, ముత్యాలమ్మ, నూకాలమ్మ, ఇలా ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు. ఒడియా వీధివారికి ఆమే ఠాకురాణి. పెళ్లి శుభలేఖ మొదట ఆమె దగ్గర పెడతారు. కొత్తగా కొన్న ట్రాక్టరు మొదట ఆమె గుడి ముందే ఆగుతుంది. పాతకాలంలో వేపచెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి తప్ప మరేమీ ఉండేది కాదు. ఇప్పుడు చాలా ఊళ్లలో కాంక్రీటు గుడి, రంగుల గోపురం లేచాయి. గుడి కట్టుకోవడం సంతోషమే. కానీ గోపురానికి అడ్డం వచ్చిందని ఆ వేపచెట్టును కొట్టేయడం మాత్రం నా మనసు ఒప్పుకోదు. గుడి కంటే ముందు అమ్మవారికి నీడ ఇచ్చింది ఆ చెట్టే.

సంబరం ఎప్పుడు జరుగుతుంది? ప్రతి ఏడూ ఉంటుందా?

ఎక్కువగా ఫాల్గుణం నుంచి వైశాఖం లోపు. కోతలు అయిపోయి, చేతిలో నాలుగు డబ్బులు ఉండి, వానలు ఇంకా పడని కాలం అది. ఏటా చేసే ఊళ్లున్నాయి, రెండేళ్లకో మూడేళ్లకో ఐదేళ్లకో ఒకసారి చేసేవీ ఉన్నాయి. పెద్ద సంబరం లేని ఏడాది కూడా పసుపు కుంకుమలు, చల్లదనం సమర్పించడం మానరు. చల్లదనం అంటే పెరుగన్నం.

ఎండాకాలంలోనే ఎందుకంటే, మశూచి, తట్టు ఊళ్లను ఊడ్చేసిన కాలం అదే. మశూచి 1975 తర్వాత మన దేశంలో కనబడలేదు. భయం పోయింది, మొక్కు మిగిలింది. పసుపు నీళ్లు, వేపమండలు వేసిన బిందెలను ముర్రాటలు అంటారు. ఆడవాళ్లు వాటిని నెత్తిన పెట్టుకుని వచ్చి అమ్మవారి ముందు పోస్తారు. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే ఇప్పటికీ గుమ్మానికి వేపమండలు కడతారు. కట్టండి, అందులో తప్పు లేదు. దాంతో పాటు ఆసుపత్రికీ తీసుకెళ్లండి. అమ్మవారు వైద్యం వద్దని ఏ రోజూ చెప్పలేదు.

కార్డు మీద ‘చైత్ర మంగళవారం’ అని ఉంది. మా పంచాంగంలో ఆ రోజు ఇంకా ఫాల్గుణమే. పొరపాటు పడిందా?

పొరపాటు లేదు. మీకు కార్డు పంపినవారు ఒడియా లెక్క రాశారు. ఇక్కడి తెలుగు ఇళ్లలో గోడకు రెండు కేలండర్లు వేలాడుతాయి. రెండూ చూడకుండా ముహూర్తం పెట్టరు.

తేడా ఎక్కడంటే, మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియా పంచాంగంలో చాంద్రమాసం పౌర్ణమితో ముగుస్తుంది. శుక్లపక్షంలో ఇద్దరిదీ ఒకే నెల. బహుళపక్షం వచ్చేసరికి వాళ్లు మనకంటే ఒక నెల ముందుంటారు. దీనికి తోడు కొన్ని పండుగలను, వ్రతాలను వాళ్లు సంక్రాంతి నుంచి సంక్రాంతికి సౌరమానంలో లెక్కిస్తారు. గంజాంలోని తారాతరిణి అమ్మవారి కొండ మీద జరిగే చైత్ర మంగళవారాల మేళా మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు వస్తుంది. మనకు ఉగాదితో సంవత్సరం మొదలైతే వాళ్లకు మేష సంక్రాంతితో, అంటే ఏప్రిల్ 14 ప్రాంతంలో మొదలవుతుంది. ఆ రోజును పణా సంక్రాంతి అంటారు, బిల్వఫలం గుజ్జుతో పానకం చేసి పంచుతారు. ఉగాది పచ్చడి తిన్న కొద్ది రోజులకు పక్కింటి నుంచి ఆ పానకం చెంబు వస్తుంది.

ఈ తేడా బాగా తెలిసేది కార్తికంలో. ఒడియా వారి కార్తికం కార్తిక పౌర్ణమితో ముగుస్తుంది. చివరి ఐదు రోజులు పంచుక పేరుతో ఎంతో నిష్ఠగా ఉంటారు. మరునాడు ఛాడఖాయి. నెల రోజులుగా నీచు ముట్టనివారు ఆ రోజు చేపలు, మాంసం వండుకుంటారు. తెలుగువారికి అదే రోజు కార్తికం సరిగ్గా సగంలో ఉంటుంది. ఒక గోడకు అటు మసాలా నూరుతుంటే ఇటు కార్తిక దీపం వెలుగుతుంటుంది. ఒకరి వంట వల్ల ఇంకొకరి వ్రతానికి భంగం వస్తుందని ఎవరూ గొడవ పడరు. అటువైపు వాళ్లే ఆ రోజు పిల్లలను కేకేసి మరీ చెబుతారు, తెలుగు వాళ్ల ఇంటికి గిన్నెలు పట్టుకెళ్లవద్దని.

చెరువు రేవు దగ్గర చూడండి. కార్తిక పౌర్ణమి నాడు తెల్లవారుజామున ఒడియా పిల్లలు అరటి బోదెలతో, కాగితంతో చేసిన చిన్న పడవల్లో తమలపాకు, వక్క, దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. కళింగ వర్తకులు ఓడలెక్కి సముద్రం దాటిన రోజుల తలపు అది. దాన్ని బొయిత వందన అంటారు. రెండు వారాల తర్వాత, కార్తిక అమావాస్య మరునాడు పోలి పాడ్యమికి, తెలుగు ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు పెట్టి అదే రేవులో వదులుతారు. మార్గశిర లక్ష్మీవారాలదీ ఇదే వరస. ఒడియా ఇళ్ల ముందు బియ్యప్పిండితో లక్ష్మీపాదాలు వేసే గురువారాలు మొదట వస్తాయి, మనవి రెండు వారాలు ఆలస్యంగా వస్తాయి. రెండు ఇళ్లకూ రాకపోకలున్న ముత్తయిదువలకు ఆ రోజుల్లో తీరిక ఉండదు.

జూన్‌లో రైతుకు కొంచెం చిక్కు వస్తుంది. మిథున సంక్రాంతికి ఒడియా వారు రజ పర్వం చేస్తారు. భూమాతకు విశ్రాంతి అని నాగలి పట్టరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. మనకు ఏరువాక పౌర్ణమి అదే రోజులకు దగ్గరగా వస్తుంది. మా ఊళ్లో రజ అయ్యాకే దుక్కికి దిగుతారు. ఏరువాక ముందు వస్తే ఎడ్లకు, నాగలికి పూజ మాత్రం చేసి ఊరుకుంటారు.

కాబట్టి కార్డు మీద నెల పేరు చూసి టికెట్లు కొనకండి. ఫోను చేసి తేదీ అడగండి.

ఘటం అంటే ఏమిటి? దాన్ని ఎవరు ఎత్తుతారు?

సంబరానికి ప్రాణం ఘటమే. విగ్రహం గుడిలో ఉంటుంది. ఘటం ఇంటింటికీ వస్తుంది.

ఊరి కుమ్మరి కొత్త సారె మీద చేసి కాల్చిన కుండను ఇస్తారు. దానికి ఎంత ధర అని అడగకూడదు. ధోవతి, బియ్యం, దక్షిణ పెట్టి మేళంతో వెళ్లి తెచ్చుకోవాలి. కుండకు తడి పసుపు పూసి, ఆరకముందే కుంకుమ బొట్లు పెడతారు. ఆరిన పసుపు మీద కుంకుమ నిలవదు. మెడకు పసుపుతాడు, వేపమండలు కడతారు. లోపల పసుపు నీళ్లు. మూతి మీద ముంత, ముంత మీద మట్టి ప్రమిద, అందులో లావు వత్తి. మోసేవారి నెత్తిన గుడ్డతో చుట్టిన కుదురు పెట్టి దాని మీద ఘటాన్ని నిలుపుతారు. ఆ కుదురు చుట్టడం కూడా విద్యే. వదులైతే ఘటం ఊగుతుంది, బిగుసైతే అర్ధగంటకే నడినెత్తి మండుతుంది.

మోసేవారు ఆ రోజుల్లో ఒంటిపూట ఉంటారు, చెప్పులు వేసుకోరు, నేల మీద పడుకుంటారు. కొన్ని ఊళ్లలో ఇది ఒక కుటుంబం హక్కు, కొన్ని ఊళ్లలో మొక్కుకున్న ఆడవాళ్లంతా తలా ఒక ఘటం ఎత్తుతారు. ఘటం గడప ముందుకు రాగానే ఇంటి ఇల్లాలు చెంబెడు పసుపు నీళ్లతో మోసేవారి కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, ప్రమిదలో ఒక గరిటె నూనె పోస్తుంది. కలిగిన ఇల్లయినా లేని ఇల్లయినా గరిటె ఒక్కటే. ఊరంతా తిరిగి గుడికి చేరేసరికి ఆ దీపంలో ఏ ఇంటి నూనె వెలుగుతున్నదో ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్క గరిటె నూనె పోయడం కోసం ఎక్కడెక్కడి నుంచో ఇల్లు తెరవడానికి వచ్చే కుటుంబాలు ఉన్నాయి. తాళం వేసి ఉన్న గడప ముందు కూడా ఘటం ఒక నిమిషం ఆగుతుంది. పక్కింటివాళ్లు వచ్చి ఆ ఇంటి తరఫున నూనె పోస్తారు.

సంబరానికి ముందు రోజు సాయంత్రం తొలేళ్లు. ఆఖరి రోజు అనుపు, అంటే అమ్మవారిని సాగనంపడం. అనుపు రోజున మాత్రం ఊరికి కొత్తవారు రాత్రి పొలిమేర దాటి వెళ్లకుండా ఉంటే మంచిది. చాలా ఊళ్లలో ఆ కట్టుబాటు ఉంది.

పూజారి బ్రాహ్మణులు కారా?

శివాలయంలో, రామకోవెలలో అర్చకులు ఉంటారు. అమ్మవారి గుడిలో సాధారణంగా ఉండరు. ఆ పని కుమ్మరి కుటుంబానిదో, దాసుడని పిలిచే వంశానిదో, మరో ఊరి కులానిదో అయి ఉంటుంది. అమ్మవారి కథ పాడేది ఆసాదులు. పంబ వాయించేవారు, కాగడా పట్టే రజకులు, గుడి ముందు పందిరి వేసేవారు, తోరణాలకు మామిడాకులు తెచ్చేవారు, ఇలా ప్రతి ఇంటికీ ఒక వంతు ఉంటుంది. కొండ అంచు ఊళ్లలో ఆదివాసుల జానిలు, దిసారులు ముహూర్తం చెప్పి తొలి పూజ చేసే ఆచారమూ ఉంది. పక్క కొండల నుంచి సవరలు తమ వాయిద్యాలతో దిగి వస్తే సంబరానికి నిండుదనం వస్తుంది.

ఈ వంతుల్లో ఏది పెద్దది, ఏది చిన్నది అని బయటివారు తూచకూడదు. కాగడా రాకపోతే ఘటం కదలదు.

అన్ని కులాల వారూ గుడిలోకి వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, వెళ్లాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. గుడిలోకి రానివ్వకపోవడం 1955 చట్టం ప్రకారం నేరం. చట్టం ఉన్నా కొన్ని వీధులకు ఘటం వెళ్లని ఊళ్లు ఇంకా ఉన్నాయని ఇక్కడివారందరికీ తెలుసు. సంప్రదాయం పేరుతో దాన్ని సమర్థించేవారితో నేను ఏకీభవించను. ఊరి డప్పు లేకుండా అమ్మవారు గద్దె దిగదని అందరూ ఒప్పుకుంటారు. ఆ డప్పు వాయించేవారి గడపకు ఘటం వెళ్లకపోతే ఆ సంబరం ఊరి సంబరం ఎలా అవుతుంది? మా చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో యువకులు పెద్దలతో కూర్చుని మాట్లాడి ఘటం దారిని మార్పించారు. ఆ ఊళ్లకు ఏ అరిష్టమూ రాలేదు.

పూనకం వచ్చినప్పుడు ఏమి చేయాలి? ఫోనుతో తీయవచ్చా?

దారి ఇవ్వండి. మీద పడకండి, చేయి పట్టుకుని ఆపకండి. పక్కన ఉండవలసినవారు ఉంటారు. పసుపు నీళ్లు చల్లి, వేపమండ చేతికిచ్చి, అడగవలసింది వాళ్లే అడుగుతారు. ఒడియా వారు పూనకం వచ్చే మనిషిని కాళిసి అంటారు, ఆ మాట తెలుగు వీధిలోనూ వాడుకలో ఉంది.

ఫోను జేబులో ఉంచండి. ఊరేగింపు, ఘటాలు, పులివేషాలు ఎన్నయినా తీసుకోండి. పూనకంలో ఉన్న ఆడమనిషి ముఖాన్ని తీసి పదిమందికి పంపడం మాత్రం మర్యాద కాదు. మరునాడు ఆమె బడిలో పిల్లలకు వండి పెట్టాలి, పొలంలో కలుపు తీయాలి. చూసేవారి వేడుక కోసం ఆమె తలెత్తుకోలేని పరిస్థితి రాకూడదు.

బలి ఇస్తారా?

ఇచ్చే ఊళ్లు ఉన్నాయి, మానేసిన ఊళ్లూ ఉన్నాయి. మద్రాసు రాష్ట్రం 1950లో చేసిన జంతుబలి నిషేధ చట్టం ఆంధ్ర వైపు వర్తిస్తుంది. అప్పటికే ఒడిశాలో ఉన్న మా పల్లెలు దాని పరిధిలోకి రాలేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో గుమ్మడికాయ కొట్టి, కొబ్బరికాయ సమర్పించి మొక్కు తీర్చుకుంటున్నారు. చూడలేనివారు ఆ సమయానికి రామకోవెల వైపు వెళ్లి కూర్చోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

బరంపురం ఠాకురాణి యాత్ర కూడా ఇలాంటిదేనా?

మూలం ఇదే, కాకపోతే పట్టణమంత పెరిగింది. తెలుగువారు ఒక్కసారైనా చూసి తీరాలి.

బరంపురంలో బుఢీ ఠాకురాణి గుడి ఉంది. రెండేళ్లకోసారి ఎండాకాలం మొదట్లో ఆమెకు యాత్ర జరుగుతుంది, దాదాపు నెల రోజులు సాగుతుంది. యాత్ర భారం దేరా నేతవారిది. వారి కులపెద్దను దేశిబెహరా అంటారు. అమ్మవారు ఆ ఇంటి ఆడపడుచు. యాత్రకు ముందు దేశిబెహరా వీధిలో శుభ ఖుంటి అనే గుంజ పాతి తాత్కాలిక గుడి కడతారు. గుడి నుంచి అమ్మవారిని పుట్టింటికి పిలుచుకొస్తారు. అక్కడ ఉన్నన్నాళ్లూ ప్రతి రాత్రి ఘటాలు పట్టణ వీధుల్లో తిరుగుతాయి. మొక్కుకున్నవారు రకరకాల వేషాలు కట్టి తిరుగుతారు. గంజాంకు పేరు తెచ్చిన బాఘ నాచ, అంటే పులివేషం, అప్పుడు చూడాలి. ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు, నడుముకు తోక, ముందు డప్పులు. విజయనగరం వైపు పులివేషాలు చూసినవారికి అడుగులు కొత్తగా అనిపించవు.

చివరి రోజున అమ్మవారిని గుడికి సాగనంపుతారు. పుట్టింటికి వచ్చిన కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు ఉండే దుఃఖమంతా ఆ వీధిలో కనబడుతుంది. పెద్దవాళ్లు కళ్లు తుడుచుకోవడం చూసి కొత్తవారు ఆశ్చర్యపోతారు. ఆ నేతవారిలో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. పట్టణమంతా, అందులో ఎక్కువమంది ఒడియా వారు, ఆ తెలుగు ఇంటి ఆడపడుచునే తమ తల్లిగా కొలుస్తారు. తెలుగు, ఒడియా అని వాదులాడుకునేవారిని ఒకసారి ఆ రాత్రి అక్కడికి తీసుకెళ్లాలని నాకు అనిపిస్తుంది.

దండ నాట అంటే ఏమిటి? తెలుగువారు కూడా చేస్తారా?

గంజాంలో మేష సంక్రాంతికి ముందు పట్టే కఠిన దీక్ష అది. పదమూడు రోజులో, మొక్కును బట్టి ఇంకా ఎక్కువో ఉంటారు. పగలు మండుటెండలో దుమ్ములో పడుకుని చేసేది ధూళి దండ, చెరువులో చేసేది పాణి దండ. రాత్రి వేషాలు, పాటలు. శివుడికి, కాళికి మొక్కుకుని తెలుగు మగవారు కూడా దీక్ష పడతారు. దీక్ష పట్టినవారిని దండువాలు అంటారు. వాళ్లు ఇంటి ముందుకు వస్తే నీళ్లతో ఎదురెళ్లాలి.

ఊరు విడిచి వెళ్లినవారు నిజంగా సంబరానికి తిరిగి వస్తారా?

వస్తారు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవారి సంఖ్య చాలా పెద్దది. పండుగ సెలవులకు రానివాళ్లు కూడా అమ్మవారి సంబరానికి వస్తారు. పెళ్లి చూపులు, పొలం తగాదాల పరిష్కారం, అప్పుల లెక్కలు కూడా ఆ నాలుగు రోజుల్లోనే అవుతాయి. ఆడపడుచులకు చీర, పసుపు కుంకుమ పెట్టకుండా పంపరు. మీ మేనత్తలు ఎవరైనా ఆ ఊళ్లో ఉంటే ఖాళీ చేతులతో వెళ్లకండి. అరిసెలు పట్టుకెళితే చాలు. ఒడియా ఇంటివారికి కూడా అది అరిసె పిఠాయే.

పాటలు ఏ భాషలో పాడతారు? ఎక్కడైనా రాసి ఉన్నాయా?

నన్ను ఎక్కువగా బాధపెట్టే ప్రశ్న ఇదే. అమ్మవారి పుట్టుక, ఆమె ఊరికి నడిచొచ్చిన దారి, ఏ చెరువు గట్టున ఆగింది, ఎవరి ఇంట నీళ్లడిగింది, ఇదంతా తెలుగు పాటలో ఉంటుంది. ఆసాదులు రాత్రంతా పాడతారు. ఘటం వెంట నడిచే ఆడవాళ్ల పాటలు వేరు, ముర్రాటలు మోసేటప్పుడు పాడేవి వేరు. కొన్ని ఊళ్లలో జముకు మీద కథ చెప్పేవారు, తప్పెటగుళ్లవారు శ్రీకాకుళం వైపు నుంచి వస్తారు. మధ్య మధ్య ఒడియా చరణాలు కలుస్తాయి. పాడేవారికి అది తేడాగా అనిపించదు.

ఈ పాటలు చాలావరకు ఎవరూ రాసిపెట్టలేదు. పాడే అమ్మమ్మలకు చదువు రాదు. మనవలు ఒడియా బడిలోనో ఇంగ్లిష్ బడిలోనో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం చదవలేరు. సౌండు బాక్సులు వచ్చాక ఆడవాళ్ల పాట వినబడడం లేదు. ఒక తరం పోతే ఆ ఊరి అమ్మవారి కథ పోయినట్టే.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవరల భాష నేర్చుకుని, వాళ్ల పాటలను, కథలను రాసుకున్నారు. ఆ రోజుల్లో కొండలెక్కి ఆయన చేసిన పనిని మన ఇంటి అరుగు మీద కూర్చుని మనం చేయలేమా? సంబరానికి వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం మీ అమ్మమ్మ దగ్గర, మేనత్త దగ్గర కూర్చోండి. ఫోనులో పాట రికార్డు చేయండి, తర్వాత కాగితం మీద రాయండి, అర్థం కాని మాటను అడిగి రాసుకోండి. పాట పాడినవారి పేరు, ఊరు కింద రాయండి. మైకు పెట్టే కుర్రవాళ్లతో మాట్లాడి, ఘటం కదిలిన తర్వాత ఒక గంటసేపు బాక్సులు ఆపించండి. పెద్దలు అడిగితే వాళ్లు కాదనరు.

దగ్గరలో చూడవలసిన క్షేత్రాలు ఏమిటి?

సమయం ఉంటే మహేంద్రగిరికి వెళ్లండి. గజపతి జిల్లాలో 1,501 మీటర్ల ఎత్తున్న కొండ అది. పరశురాముడు తపస్సు చేసిన చోటని నమ్మకం. పైన భీముడు, కుంతి, ధర్మరాజు పేర్లతో పాత రాతి గుళ్లు ఉన్నాయి. శివరాత్రికి రెండు రాష్ట్రాల జనం ఎక్కుతారు. శ్రీకాకుళం వైపు వంశధార ఒడ్డున శ్రీముఖలింగం, తూర్పు గాంగ రాజుల మధుకేశ్వరాలయం ఉంది. శివరాత్రి తర్వాత అక్కడ జరిగే చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి పెద్ద సంఖ్యలో వస్తారు. ఋషికుల్యా ఒడ్డున తారాతరిణి కొండకు 999 మెట్లు, పిల్లల పుట్టువెంట్రుకలు అక్కడ తీయిస్తారు. రాయగడలో నాగావళి ఒడ్డున మజ్జిగౌరి అమ్మవారి గుడికి పార్వతీపురం, విజయనగరం వైపు నుంచి వచ్చే తెలుగు భక్తులే ఎక్కువగా కనబడతారు.

ఎలా చేరుకోవాలి? ఎక్కడ ఉండాలి?

తీరం వైపు ఊళ్లకు ఇచ్ఛాపురం లేదా బరంపురం స్టేషన్లో దిగండి. పర్లాకిమిడి వైపుకు నౌపడా–గుణుపూర్ లైను ఉంది. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలుగా మొదలైన దారి అది, ఇప్పుడు బ్రాడ్‌గేజి. పల్లెలో హోటలు ఉండదు. ఎవరో ఒకరి ఇంట్లో ఉండాలి, ముందే కబురు పెట్టండి. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే కాదనకండి. ఎండాకాలంలో పొద్దున్నే ఒడియా ఇంట్లో పఖాళ, అంటే నీళ్లు పోసి నానబెట్టిన అన్నం, తెలుగు ఇంట్లో తరవాణి అన్నం పెడతారు. రెండూ ఒంటికి చలువే.

చందా ఎవరికి ఇవ్వాలి?

గుడి కమిటీకి ఇచ్చి రసీదు తీసుకోండి. దారిలో తాడు కట్టి ఆపే పిల్లలకు ఇవ్వకండి. మైకుకు, బాణసంచాకు కాకుండా ఆసాదులకు, డప్పువారికి, కుమ్మరికి ఇవ్వమని ప్రత్యేకంగా చెప్పి ఇస్తే ఇంకా మంచిది. వారికి దక్కేది ఇప్పటికీ తక్కువే.

మా తాతగారి కుటుంబానికి ఆ ఊళ్లో కాగడా వంతు ఉండేదట. యాభై ఏళ్లుగా ఎవరూ వెళ్లలేదు. మళ్లీ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. మీ వంతును ఊరు ఖాళీగా వదలలేదు, ఎవరో ఒకరు మోస్తూ వచ్చారు. ముందుగా వారి ఇంటికి వెళ్లండి, బట్టలు పెట్టండి, ఇన్నాళ్లూ మా పని మీరు చేశారని చెప్పండి. హక్కు అని గద్దించి అడిగితే తగాదా అవుతుంది. కలిసి పడతామంటే ఎవరూ కాదనరు. తొలేళ్లకు రెండు రోజుల ముందే ఊరు చేరండి. కాగడాకు గుడ్డ చుట్టడం, నూనె తడపడం, గాలి ఎటు వీస్తే ఎటు వంచాలో తెలుసుకోవడం చూసి నేర్చుకోవలసిన పనులు. కాటన్ బట్టలే వేసుకోండి, నైలాన్ పంచెతో కాగడా దగ్గరకు వెళ్లవద్దు.